బురద కింద ఏముందో చూసి టైరు కొనండి

(గోదావరి డెల్టా రైతులకు చిన్న ట్రాక్టర్ల టైర్ల ఎంపిక మీద చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి. వెనక వరుసల వాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలెడదాం.

చిన్న ట్రాక్టరని ఇవాళ నేను అనేది 18 నుంచి 30 హార్స్‌పవర్ మధ్య బండిని. బరువు ఆరేడు వందల కిలోల నుంచి టన్ను దాకా ఉంటుంది. పెద్ద బండి అయితే దాదాపు రెండు టన్నులు. చిన్నది కొబ్బరి చెట్ల మధ్యకి దూరుతుంది, అరెకరం మడిలో కూడా సులువుగా తిరుగుతుంది, డీజిల్ తక్కువ తాగుతుంది. అంతా బాగానే ఉంటుంది గానీ జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు వదిలి దమ్ములు, అంటే నీళ్ళు పెట్టిన మడిని బురదగా దున్నడం, మొదలయ్యేసరికి అసలు సమస్య బయటపడుతుంది. బండి దిగబడుతుంది. షాపుకెళ్తే "ఇంకాస్త వెడల్పు టైరు వేయించండి" అంటారు. పక్క చేను రైతు "లగ్గు ఎత్తున్నది వేయించరా" అంటాడు. లగ్గంటే టైరు మీద పైకి పొడుచుకొచ్చిన రబ్బరు గట్టు. రెండు సలహాలూ ఒక చేలో పనిచేస్తాయి, ఇంకో చేలో డబ్బు దండగ. ఏది ఎక్కడ పనికొస్తుందో తేలాలంటే బురద కింద ఉన్న నేలని చూడాలి. టైరు ఎంపిక అక్కడ మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

మన వరి మడిని నిలువునా కోసి చూస్తే పైన మెత్తటి బురద ఉంటుంది. దాని కింద, మామూలుగా 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతులో, ఒక గట్టి పొర తగులుతుంది. తొలి పంట సార్వాకీ రెండో పంట దాళ్వాకీ ఏటా దమ్ము చేస్తుంటే సన్నటి బంకమట్టి కిందికి దిగి, దాని మీద పశువుల గిట్టలూ నాగళ్ళూ చక్రాలూ తొక్కి తొక్కి ఆ పొర పేరుకుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కాలవ కింద ఊడుస్తున్న మడులు చాలా ఉన్నాయి కాబట్టి ఆ పొర వయసు కూడా తక్కువేం కాదు. నీళ్ళు కిందికి ఇంకిపోకుండా ఆపేది అదే, మీ ట్రాక్టరుని మోసేదీ అదే. పైనున్న బురద బండిని మోయదు. చక్రం బురదని చీల్చుకుని ఆ పొర దాకా వెళ్ళి, దాని మీద కాలూని లాగాలి.

అందుకని టైరు షాపుకి వెళ్ళే ముందు ఒక ఇనుప ఊచ చేయించుకోండి. 12 మిల్లీమీటర్ల లావు, మీటరు పొడవు చాలు. పైన పట్టుకోవడానికి అడ్డంగా ఒక ముక్క వెల్డింగ్ పెట్టించండి. కింది కొనని మొన తేల్చొద్దు, గుండ్రంగా ఉంచండి. మొన తేలితే గట్టి పొరని కూడా గుచ్చుకుని పోతుంది, మీకు తప్పు లెక్క వస్తుంది. హాక్సా బ్లేడుతో ప్రతి 5 సెంటీమీటర్లకి ఒక గీత పెట్టుకోండి. చేలో నీళ్ళు పెట్టి రెండు మూడు రోజులు నానాక దిగి, రెండు చేతులతో నిదానంగా ఒళ్ళు బరువు వేసి నొక్కండి. ఎక్కడ చటుక్కున ఆగుతుందో ఆ గీత చూసి రాసుకోండి. ఎకరానికి పది పదిహేను చోట్లయినా చూడాలి. అందులో బండి దిగే ర్యాంపు దగ్గర, బోదె పక్కన, పాత గట్టు తీసేసి రెండు మడులు ఒకటి చేసిన చోట, ఎప్పుడో పూడ్చిన గొయ్యి ఉన్న చోట తప్పనిసరిగా చూడండి. బండి సాధారణంగా దిగబడేది చేను మధ్యలో కాదు, ఇలాంటి చోట్లే.

ఊచ చేనంతా 20 సెంటీమీటర్ల లోపే ఆగుతోందంటే అది మంచి మడి. అక్కడ మీకు కావలసింది సన్నటి, ఎత్తు చక్రం, లోతు లగ్గు. వెడల్పు టైరు వేస్తే పొర దాకా దిగకుండా బురద మీద కూచుని, ముందున్న బురదని నెట్టుకుంటూ పోతుంది. ఇంజను శక్తి బురదని తొయ్యడానికే ఖర్చవుతుంది. 20 నుంచి 30 దాకా ఉంటే ఫోర్ వీల్ బండి, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందేది, దాంతోపాటు హాఫ్ కేజ్ వీల్స్, అంటే టైరు పక్కన బిగించే ఇనుప చక్రాలు కావాలి. 30 దాటిందా, టైరు గురించి ఆలోచించడం ఆపేయండి. చిన్న ట్రాక్టరు కింద నేలకీ గేరుబాక్సుకీ మధ్య ఉండే ఖాళీ దాదాపు 30 సెంటీమీటర్లు. అంతకంటే లోతుకి దిగితే బండి బొజ్జ బురద మీద ఆనుతుంది, చక్రాల మీద బరువు పోతుంది. బరువు లేని చక్రానికి ఎంత లగ్గున్నా పట్టు ఉండదు.

ఇంకో రకం నేల ఉంది. ఊచ ఎక్కడా ఆగదు, మెల్లమెల్లగా దిగుతూనే ఉంటుంది. కొల్లేరు అంచు భూముల్లో, చేపల చెరువులు పూడ్చి మళ్ళీ వరికి తెచ్చిన చోట ఇలా ఉంటుంది. చెరువు తవ్వినప్పుడే ఆ గట్టి పొర మట్టితో పాటు గట్టు మీదికి వెళ్ళిపోయింది. పొర మళ్ళీ కుదుటపడేదాకా, అంటే కొన్నేళ్ళ పాటు, అక్కడ వీలైనంత తేలికపాటి బండే దిగాలి. పవర్ టిల్లరుతో దమ్ము చేయించుకోవడం మంచిది.

గోదారి లంకల సంగతి వేరు. అక్కడ వరద వదిలిన ఒండ్రు, దాని కింద ఇసుక. నరసాపురం, అంతర్వేది వైపు తీరానికి వెళ్ళేకొద్దీ పూర్తిగా ఇసుకే. ఇసుకలో కాలూనడానికి గట్టి పొర ఉండదు, తేలాలి. లోతు లగ్గున్న సన్న టైరు ఇసుకని తవ్వి తన గొయ్యి తనే తీసుకుంటుంది. అక్కడ వెడల్పు టైరు, తక్కువ గాలి, మామూలు లగ్గు. ఒకే రైతుకి మాగాణిలో నాలుగెకరాలు, లంకలో రెండెకరాలు ఉంటే రెంటికీ ఒకే టైరు పూర్తిగా సరిపోదు. బురదకి తగిన టైరు వేసుకుని, లంకకి వెళ్ళేటప్పుడు గాలి తగ్గించుకోవడమే దారి.

ఇప్పుడు టైరు మీద రాసే గుర్తులు. వెనక టైర్ల మీద ఆర్-1, ఆర్-2 అని ఉంటాయి. ఆర్-1 మామూలు వ్యవసాయ టైరు, కొత్త బండికి సాధారణంగా ఇదే వస్తుంది. ఆర్-1 డబ్ల్యూ అంటే తడి నేలకి చేసింది, లగ్గు ఆర్-1 కంటే ఐదో వంతు నుంచి పావు వంతు దాకా లోతెక్కువ. ఆర్-2 వరికీ చెరకుకీ చేసిన టైరు, లగ్గు లోతు ఆర్-1కి ఇంచుమించు రెట్టింపు, లగ్గుల మధ్య ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీ వల్లే బురద దానంతటది ఊడిపోతుంది. ఆర్-3 పచ్చిక మీద నడిచే టైరు, లగ్గులు ఉండవు, చిన్న చిన్న దిమ్మలే ఉంటాయి. ఆర్-4 మట్టి ఎత్తే లోడర్లకీ తవ్వే బ్యాక్‌హోలకీ వేసే దిట్టమైన టైరు, లగ్గు లోతు ఆర్-1లో 70 శాతం మాత్రమే, పక్క గోడ మందం. టూ వీల్ బండి, అంటే వెనక రెండు చక్రాలే లాగే ట్రాక్టరు, ముందు టైరు మీద ఎఫ్-2 అని ఉంటుంది, మూడు నిలువు కట్లుంటాయి. దాని పని బండిని తిప్పడమే, లాగడం కాదు.

టైరు మీద "హై లగ్" అని రాసుందని అది ఆర్-2 అనుకోకండి. కొలవండి. పక్క పక్క లగ్గుల మీద అడ్డంగా ఒక తిన్నని పట్టీ పెట్టి, మధ్య గుంటలోకి స్టీలు స్కేలు నిలువుగా దించి లోతు చూడండి. టైరు మధ్య గీతకి కొంచెం పక్కన కొలవాలి, అంచు దగ్గర కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. ఒకే సైజులో రెండు కంపెనీల ఆర్-1 టైర్లు పక్కన పెట్టి కొలిస్తే తేడా కనబడుతుంది.

మరి వరికే చేసిన ఆర్-2ని అందరూ వేసుకోవచ్చు కదా అంటే, నేనైతే వద్దనే అంటాను, మీ బండి ఏడాదంతా చేలోనే ఉంటే తప్ప. ఆర్-2 తారు రోడ్డెక్కితే బండి అదురుతుంది. ఎత్తు లగ్గులు రోడ్డు మీద వంగి లేస్తూ వేడెక్కి త్వరగా అరుగుతాయి. మన దగ్గర ఒకే బండి పొద్దున దమ్ము చేసి, సాయంత్రం ఊళ్ళోకి ట్రక్కు, అదే ట్రైలరు, లాగుతుంది. అలాంటి బండికి ఆర్-1 డబ్ల్యూ దొరికితే అది, లేకపోతే లగ్గు లోతున్న ఆర్-1, దాంతో పాటు దమ్ము రోజులకి హాఫ్ కేజ్ వీల్స్. ఈ జత డెల్టాలో ఎక్కువమందికి సరిపోతుంది.

ఈమధ్య ఫోన్లో విదేశాల వీడియోలు చూసి ఆర్-4 అడిగేవాళ్ళు కనబడుతున్నారు. ఆ వీడియోల్లో చిన్న ట్రాక్టర్లు మంచు తొలగిస్తుంటాయి. అక్కడి లెక్క వేరండి. లోతుగా పడిన మెత్తని మంచులో ఆర్-1 లగ్గు బాగా పట్టుకుంటుంది. అదే మంచు తొక్కుడుపడి గట్టిపడితే లగ్గు కింద రబ్బరు నేలకి తగిలే జాగా చాలక జారుతుంది. అప్పుడు చిన్న దిమ్మలెక్కువున్న ఆర్-3 నయం. ఇక గడ్డకట్టిన ఐసు మీద ఏ టైరూ నిలవదు, ఇనుప గొలుసులు చుట్టాల్సిందే. వాళ్ళు ఆర్-4 వాడేది లోడరు బరువు మోయడానికి, గొలుసులు కట్టుకుని. మన బురదలో ఆర్-4 వేస్తే ఆ తక్కువ లోతు గుంటలు రెండు చుట్లు తిరిగేసరికి పూడి టైరు నున్నగా అయిపోతుంది.

బరువు కోసం టైర్లలో నీళ్ళు నింపే సంగతి కూడా అక్కడిదీ ఇక్కడిదీ వేరు. చలి దేశాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. మనకి ఆ అవసరం లేదు, వట్టి నీళ్ళు చాలు, కానీ మంచి నీళ్ళు. రొయ్యల చెరువు నీళ్ళు, ఉప్పు బోరు నీళ్ళు నింపితే వాల్వు దగ్గర కారే చెమ్మకే రిమ్ము తినేస్తుంది. 8.3-24 సైజు టైరులో ముప్పాతిక వంతు నింపితే దాదాపు 60 లీటర్లు, అంటే చక్రానికి 60 కిలోలు. కల్టివేటరు వేసి మెరక దున్నినప్పుడు, ట్రక్కు లాగినప్పుడు ఆ బరువు పట్టునిస్తుంది. నింపేటప్పుడు చక్రం జాకీ మీద లేపి, వాల్వు సరిగ్గా పైకి తెచ్చి, పిన్ను తీసి, నీళ్ళు వాల్వులోంచి పొర్లేదాకా పట్టించండి. అదే ముప్పాతిక మట్టం. తర్వాత పిన్ను వేసి గాలి కొట్టాలి. గాలికి జాగా కొంచెమే ఉంటుంది కాబట్టి కాస్త లీకైనా ప్రెషరు వేగంగా పడిపోతుంది, తరచూ చూసుకోవాలి.

దమ్ముకి మాత్రం ఆ నీళ్ళు తీసేయండి. ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు, పట్టు కావాలి కాబట్టి బరువు కావాలనుకుంటారు. రోటవేటరు అంటే ఇంజను బలంతో బ్లేళ్ళు తిరుగుతూ మట్టిని కలిపే పనిముట్టు, ఆ బ్లేళ్ళు తిరిగేది చక్రాలు తిరిగే వైపే. మట్టిని తన్నుతూ అవి బండిని ముందుకి తోస్తాయి. కల్టివేటరు బండిని వెనక్కి పట్టుకుంటుంది, రోటవేటరు ముందుకి తోస్తుంది. కాబట్టి రోటవేటరుతో దమ్ము చేసేటప్పుడు పట్టు కంటే దిగబడకపోవడమే ముఖ్యం. ముందు వేసిన ఇనుప బరువులు కూడా, రోటవేటరు పైకెత్తినప్పుడు స్టీరింగు తేలనంత మట్టుకే ఉంచండి. మోత బరువు ఎంత పెరిగితే మట్టి అంత లోతున అణుగుతుంది, ఆ గట్టి పొర చితుకుతుంది. ఏటా ఒకే ర్యాంపున దిగే చేలో రెండో మూడో ఏడు అక్కడే గొయ్యి పడటానికి కారణం ఇదే. దిగే చోటు మారుస్తూ ఉండండి.

ఇక సైజు. 8.3-24 అంటే టైరు వెడల్పు 8.3 అంగుళాలు, రిమ్ము 24 అంగుళాలు. మధ్యలో అడ్డగీత ఉంటే నైలాన్ టైరు, ఆర్ అని ఉంటే రేడియల్. 280/85ఆర్24 అని రాసుంటే కంగారు పడొద్దు, అది 11.2-24 సైజుదే, మిల్లీమీటర్లలో రాశారు. 6 పీఆర్, 8 పీఆర్ అన్నది ఎంత బరువు మోస్తుందో చెప్పేది. ఆ అంకె పెరిగితే టైరు బిరుసెక్కుతుంది, బురదలో నేలకి పరుచుకోదు. రోజూ ధాన్యం ట్రక్కు లాగే బండికి తప్ప అవసరానికి మించిన పీఆర్ కొనకండి.

టూ వీల్ బండికి రిమ్ము పట్టినంత వరకూ, మడ్‌గార్డుకి తగలనంత వరకూ ఒక సైజు పెంచుకోవచ్చు. ఫోర్ వీల్ బండికి అలా కుదరదు. ఇది కొంచెం శ్రద్ధగా వినండి, గేరుబాక్సులు పోయేది ఇక్కడే. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే 1 నుంచి 5 శాతం దాకా ఎక్కువ దూరం దొర్లేట్టు కంపెనీ కడుతుంది. దీన్ని లీడు అంటారు. ముందు చక్రాలు బండిని లాగాలి, వెనకవి తోయాలి. లీడు సున్నాకి వస్తే ముందు చక్రాలు పని చేయవు. సున్నా కంటే తగ్గితే వెనక చక్రాలు ముందువాటిని ఈడ్చుకుపోతాయి, షాఫ్టు మెలిపడి పళ్ళు అరుగుతాయి. 8.3-24 తీసి 9.5-24 వేశారనుకోండి. చూడటానికి ఒక్క అంగుళం తేడా. కానీ టైరు ఎత్తు దాదాపు 5 శాతం పెరుగుతుంది. 3 శాతం ఉన్న లీడు పోయి ఎదురు 2 శాతం అవుతుంది. కాబట్టి ఫోర్ వీల్‌కి ముందూ వెనకా జతగానే మార్చాలి, మాన్యువల్లో ఇచ్చిన జతలే వేయాలి.

మీ బండికి లీడు ఎంతుందో మీరే చూసుకోవచ్చు. గట్టి మట్టి బాట మీద, తారు మీద కాదు, వెనక చక్రానికీ ముందు చక్రానికీ సుద్దతో గీత పెట్టండి. నాలుగు టైర్లలో గాలి సరిచూడండి. మొదట ఫోర్ వీల్ తీసేసి వెనక చక్రం పది చుట్లు తిరిగేదాకా నిదానంగా నడపండి, ఒకరు పక్కన నడుస్తూ ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. చుట్టులో భాగాన్ని లగ్గుల లెక్కన కట్టొచ్చు. మళ్ళీ అదే ఫోర్ వీల్ వేసి చేయండి. తీసినప్పుడు 15.5 చుట్లు, వేసినప్పుడు 16 చుట్లు వచ్చాయనుకుందాం. తేడా అర చుట్టు, దాన్ని 15.5తో భాగిస్తే 3.2 శాతం. బాగుంది. 1 కంటే తక్కువొస్తే ముందు టైర్లు అరిగాయని అర్థం. అందుకే వెనక రెండూ కొత్తవి వేసి, ముందువి "ఇంకో ఏడాది లాగుతాయిలే" అని వదిలేయకండి. కొత్త లగ్గు ఎత్తు వెనక, అరిగిన టైరు ముందు, లీడు రెండు వైపులా తగ్గుతుంది. తారు రోడ్డెక్కగానే ఫోర్ వీల్ తీసేయడం కూడా మర్చిపోవద్దు. బురదలో చక్రం జారి ఆ తేడాని సర్దుకుంటుంది, తారు మీద జారదు, భారమంతా గేర్ల మీద పడుతుంది.

గాలి. చేలో వెనక నైలాన్ టైరుకి 12 నుంచి 14 పీఎస్ఐ. 12 కంటే దించొద్దు. ట్యూబు టైరులో గాలి మరీ తక్కువైతే టైరు రిమ్ము మీద జారుతుంది, లోపల ట్యూబు కూడా దానితో పోతుంది, వాల్వు మాత్రం రిమ్ము కన్నంలో ఇరుక్కుని మెడ దగ్గర తెగుతుంది. వాల్వు పక్కకి ఒరిగి కనబడిందంటే అది మొదలైనట్టే, వెంటనే గాలి దింపి టైరు సర్దించండి. ట్రక్కు తగిలించి రోడ్డెక్కేటప్పుడు బరువుని బట్టి 18 నుంచి 24 దాకా, టైరు మీద రాసిన హద్దు దాటకుండా. టూ వీల్ ముందు టైర్లకి ఎక్కువ గాలి పడుతుంది, 26 నుంచి 36 మధ్య, మాన్యువల్ చూడండి. లారీ టైర్ల గేజి ఇంత తక్కువ గాలిని సరిగ్గా చూపించదు. తక్కువ గాలిని సరిగ్గా చూపించే గేజి ఒకటి సొంతంగా కొనుక్కోండి.

చక్రం ఎంత జారుతోందో కూడా కొలవొచ్చు. మెరక దున్నేటప్పుడు, పనిముట్టు పైకెత్తి వెనక చక్రం పది చుట్లకి ఎంత దూరం వెళ్ళిందో చూడండి. దించి దున్నుతూ మళ్ళీ పది చుట్లు చూడండి. మొదటిసారి 30 మీటర్లు, రెండోసారి 26 మీటర్లు అయితే 4 మీటర్లు పోయింది, అంటే 13 శాతం. టూ వీల్‌కి 15 దాకా, ఫోర్ వీల్‌కి 12 దాకా పరవాలేదు. అంతకంటే ఎక్కువైతే లోతు తగ్గించండి, లేదా బరువు పెంచండి. 5 కంటే తక్కువైతే బండి మీద అనవసరపు బరువు మోస్తున్నారన్నమాట.

కేజ్ వీల్స్ విషయంలో ఒక్క రెండు మాటలు. హాఫ్ కేజ్ వీల్ టైరుకి బయటి పక్కన బిగిస్తారు. దాని చుట్టు టైరు కంటే రెండు మూడంగుళాలు తక్కువ వ్యాసంలో ఉండాలి. అప్పుడు గట్టి నేల మీద టైరే నడుస్తుంది, దిగినప్పుడు మాత్రం ఇనుము అందుకుంటుంది. టైరు కంటే పెద్దదైతే చక్రం గట్టి పొరని తవ్వేస్తుంది. బరువైన కేజ్ చిన్న బండి యాక్సిలు బేరింగు మీద పడుతుంది, అందుకని మీ బండి హార్స్‌పవర్ చెప్పి చేయించండి, పెద్ద బండిది తెచ్చి కోసి తగిలించొద్దు. టైరు తీసి దాని బదులు వేసే ఫుల్ కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కొద్దు. రోడ్డు నాశనమవుతుంది, జరిమానా పడుతుంది. ట్రక్కులో వేసుకెళ్ళి చేను దగ్గర బిగించుకోండి.

మంచి టైరు వేసినా మట్టి అతుక్కుంటోందంటే నీటి మట్టం చూడండి. మన నల్లమట్టి పూర్తిగా ఎండినప్పుడు అంటదు, నీళ్ళు బాగా ఉన్నప్పుడూ అంటదు. మధ్యలో, పిండి ముద్దగా ఉన్నప్పుడు లగ్గుల మధ్య కూరుకుపోతుంది. నీళ్ళు పెట్టిన సాయంత్రమే దమ్ముకి దిగితే జరిగేది ఇదే. ఒకటి రెండు రోజులు నాననిచ్చి, చేలో రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి దిగండి. ఆ నీళ్ళే లగ్గుల్ని కడుగుతుంటాయి.

టైరు ఎక్కించేటప్పుడు పక్క గోడ మీద బాణం గుర్తు చూడండి, బండి ముందుకెళ్ళేటప్పుడు చక్రం తిరిగే వైపు అది ఉండాలి. బండి వెనక నించుని చూస్తే లగ్గులు ఇంటి కప్పులా మొన పైకి ఉండి కనబడాలి. అలా ఉంటే మధ్య మొన ముందు నేలని తాకి, బురద రెండు పక్కలకీ జారిపోతుంది. తిరగేసి ఎక్కిస్తే బురద మధ్యలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. పంక్చరు వేయించిన తర్వాత కుడి చక్రం ఎడమకి మారిపోయిన బళ్ళు రోడ్డు మీద కనబడుతూనే ఉంటాయి. కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. షాపులో ఎండ తగిలే చోట ఏళ్ళ తరబడి పడున్న టైరు లగ్గు మొదట్లో సన్నటి పగుళ్ళుంటాయి, వేలితో లగ్గుని వంచి చూస్తే తెలుస్తుంది.

దిగబడ్డప్పుడు ఏం చేయాలో చెప్పి ప్రశ్నలకి వస్తాను. చక్రం ఖాళీగా తిరగడం మొదలవగానే ఎక్స్‌లేటరు వదిలేయండి. ప్రతి చుట్టుకీ ఇంకో అంగుళం దిగుతారు. పీటీఓ, అంటే రోటవేటరుని తిప్పే షాఫ్టు, ఆపి, రోటవేటరు పైకెత్తి, చక్రాలు ఆగి ఉన్నప్పుడే వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేట్టు చేసే డిఫరెన్షియల్ లాకు తొక్కి, వచ్చిన దారినే రివర్సులో రండి. తిప్పేముందు లాకు వదలాలి. రాకపోతే ఇంకో బండితో లాగించండి, గొలుసు కింది డ్రాబారుకే కట్టాలి. పనిముట్టుని పై నుంచి పట్టుకునే టాప్ లింకు దగ్గర కట్టొద్దు.

వెనక చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి ఎక్కించే పద్ధతి ఉంది చూశారా, దయచేసి అది మానేయండి. దుంగ బురదలో ఇరుక్కుని చక్రం తిరగలేకపోతే, ఇంజను తిప్పే బలం బండినే యాక్సిలు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు లేచి, బండి వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడుతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది, క్లచ్చి తొక్కే వ్యవధి ఉండదు. గంట పని ఆగినా పరవాలేదు, మనిషిని పోగొట్టుకోవద్దు.

పని అయ్యాక ముందు యాక్సిలు సీళ్ళ దగ్గర మట్టి కడిగి, వారానికోసారి హబ్బు డ్రెయిను బోల్టు వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి. ఆయిలు తెల్లగా మారితే నీళ్ళు చేరినట్టే. అలాగే నడిపితే బేరింగు పోతుంది.

ఇప్పుడు అడగండి.

ప్రశ్న: మాది రాజోలు దగ్గరండి. వరి లేదు, కొబ్బరిలో కోకో, అరటి. మాకూ ఇదే లెక్కా?

కాదండి. మీకు దమ్ము లేదు కాబట్టి లోతు లగ్గు అక్కర్లేదు. కొబ్బరి వేళ్ళు ఎక్కువగా మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి. లోతు లగ్గు తిరిగినచోట వేళ్ళు తెగుతాయి, నేల అణుగుతుంది. సాధారణ ఆర్-1, బండికి వచ్చే సైజుల్లో వెడల్పుది, 12 పీఎస్ఐ గాలి. చెట్టుకి రెండు మీటర్ల దూరంలో వరుసల మధ్యనే నడపండి. అరటికి పోటు పెట్టిన వెదురు విరిగి మొనలు తేలి ఉంటుంది, సరుగుడు నరికిన మొద్దులు మరీ ప్రమాదం. అవి పక్క గోడని చీలుస్తాయి, అక్కడ ప్యాచీ నిలవదు. అలాంటి తోటకి ఆర్-4 వేసుకున్నా నేను కాదనను. డెల్టాలో ఆర్-4 పనికొచ్చే చోటు అదొక్కటే అనుకుంటాను.

ప్రశ్న: రీట్రేడ్ టైరు, అదే పాత టైరు మీద కొత్త రబ్బరు వేసినది, బురదకి వేయించొచ్చా?

బురదకి లగ్గు కావాలి, రీట్రేడులో లగ్గు కొత్తగానే ఉంటుంది, ఆ మేరకు పనిచేస్తుంది. చూడాల్సింది లోపలి గుడ్డ. టైరు విప్పించి లోపల చెయ్యి పెట్టి తడమండి. నైలాన్ దారాలు తేలినా, ఎక్కడైనా ఉబ్బినా వద్దు. ట్రక్కు లాగే బండికి, ముందు చక్రాలకి వేయొద్దు. ఫోర్ వీల్ అయితే లీడు మళ్ళీ కొలవాలి, రీట్రేడ్ టైరు చుట్టుకొలత కొత్తదానితో కచ్చితంగా కలవదు.

ప్రశ్న: కాలవ గట్టు మీద వాన పడితే జారిపోతోందండి, కొత్త టైర్లే.

గట్టు మీద మట్టి కింద గట్టిగా ఉండి పైన అరంగుళం మాత్రం తడుస్తుంది. ఆ పొర లగ్గుల్లో నిండితే కొత్త టైరూ పాత టైరూ ఒకటే. అక్కడ ఫోర్ వీల్ వేసి, లో గేరులో, బ్రేకు తొక్కకుండా ఇంజను మీదే దిగండి. రెండు బ్రేకు పెడళ్ళూ కలిసి పడేట్టు లాచీ వేసి ఉంచండి. ఒక్క పక్క బ్రేకు పడితే బండి కాలవలోకి తిరుగుతుంది. రిమ్ములు తిరగేసి బిగిస్తే చిన్న బళ్ళలో చక్రాల మధ్య దూరం పెరుగుతుంది, ఒరగడం తగ్గుతుంది. కానీ తిరగేసినప్పుడు టైరు బాణం గుర్తు ఎదురవుతుంది, కుడి చక్రం ఎడమకి మార్చుకోవాలి. తోటలో దూరడానికి దగ్గర, గట్టు మీదికి దూరం, ఈ రెంటిలో మీకు ఏది ఎక్కువ పనో చూసుకుని ఒకటి ఖాయం చేసుకోండి.

ప్రశ్న: ఎప్పుడు మార్చాలి మరి?

కొత్తప్పుడు లగ్గు లోతు ఎంతుందో కొన్న రోజే బిల్లు వెనక రాసుకోండి. అందులో సగానికి వస్తే దమ్ముకి పనికిరాదు, ఎండు నేల మీద మాత్రం ఇంకా చాలాకాలం నడుస్తుంది. ఊచ పరీక్షకి తడి చేను కావాలి కాబట్టి అది ఈ సార్వా దమ్ములప్పుడే చేసి కాగితం మీద పెట్టుకోండి. దాళ్వా కోతలై, కాలవలు కట్టేశాక బండి ఖాళీగా ఉంటుంది. జాకీ మీద లేపి లగ్గు, లీడు, సీళ్ళు అన్నీ చూసి, ఆ కాగితం జేబులో పెట్టుకుని అప్పుడు షాపుకి వెళ్ళండి.